సోవర్ ఆఫ్ టెంప్టేషన్ రివ్యూ: ఎత్తుకొచ్చింది మన దగ్గరే నిలవాలంటే

మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో మా బావ గాబ్లిన్ (మరుగుజ్జు భూతాల) డెక్‌తో వరసగా నాలుగు ఆదివారాలు నన్ను ఉతికి ఆరేశాక, ఐదో ఆదివారం రాకముందే సోవర్ ఆఫ్ టెంప్టేషన్ ఆర్డర్ పెట్టేశాను. కార్డు చేతికొచ్చి ఆరు నెలలైంది. ఈ ఆరు నెలల్లో అది గెలిపించిన ఆటలకన్నా పెట్టించిన గొడవలే ఎక్కువ, అందులో సగం గొడవల్లో తప్పు నాదేనని తర్వాత తేలింది, కాబట్టి కొనాలనుకునేవాళ్లు ముందు ఇది చదువుకుంటే కనీసం మీ ఇంట్లో టీలు చల్లారకుండా ఉంటాయి.

మ్యాజిక్ ది గ్యాదరింగ్ అంటే ఏంటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పేస్తాను. రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ఆట, 1993లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ తెచ్చింది. ల్యాండ్ కార్డుల నుంచి మనా, అంటే ఖర్చుపెట్టే శక్తి తీసి, ఆ మనాతో క్రీచర్లని (ప్రాణుల్ని) దింపి, ఎదుటివాడి లైఫ్ సున్నా చేయాలి. మేం ఆడేది కమాండర్ పద్ధతి, అంటే మనిషికి 100 కార్డుల డెక్, 40 లైఫ్, డెక్‌కి కమాండర్ అనే ఒక నాయకుడు, బేసిక్ ల్యాండ్‌లు తప్ప ఏ కార్డైనా ఒక్కటే ఉండాలి. అమలాపురంలో మా మేడమీద గదిలో ఆడేది మొత్తం నలుగురం: నేను, పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి బండి మీద వచ్చే మా బావ, రావులపాలెంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే మాస్టారు, కాకినాడలో ఎంబీబీఎస్ చదువుతూ నెలకి రెండుసార్లు ఇంటికొచ్చే మా చిన్నాన్న కొడుకు. ఐదోవాడు కావాలంటే ఇంకా దొరకలేదు, నేర్పిస్తామంటే అందరూ "పేకాటేగా" అని నవ్వి వెళ్లిపోతారు.

సరే, కార్డు సంగతి. సోవర్ 2007 అక్టోబరులో వచ్చిన లోర్విన్ సెట్‌లోది, రేర్. ఖర్చు నాలుగు మనా, అందులో రెండు బ్లూ ఉండాలి. 2/2 సైజు, అంటే కొట్టేది రెండు, తట్టుకునేది రెండు, ఎగురుతుంది, ఫెయిరీ విజార్డ్. అది బాటిల్‌ఫీల్డ్ మీదకి, అంటే టేబుల్ మీద ఆటలోకి రాగానే మనం ఒక క్రీచర్‌ని టార్గెట్ చేస్తాం, సోవర్ బాటిల్‌ఫీల్డ్ మీద ఉన్నంతకాలం ఆ క్రీచర్ మన కంట్రోల్లో ఉంటుంది. అంతే. కోడిపందేల భాషలో చెప్పాలంటే ఎదుటివాడు ఏడాదంతా జీడిపప్పూ బాదంపప్పూ పెట్టి మేపిన డేగని మనం చంకలో పెట్టుకొచ్చి, కత్తి కట్టి వాడి మీదకే వదలడం. 1993లో వచ్చిన మొట్టమొదటి సెట్‌లోనే కంట్రోల్ మ్యాజిక్ అని ఒక ఆరా కార్డు, అంటే క్రీచర్‌కి తగిలించే ఎన్‌చాంట్‌మెంట్ (టేబుల్ మీద నిలిచి ఉండే మంత్రం) ఉండేది, సరిగ్గా ఇదే నాలుగు మనాకి ఇదే దొంగతనం చేసేది. సోవర్ అదే ఖర్చుకి దొంగతనంతో పాటు ఎగిరే బొమ్మనొకదాన్ని ఊరికే ఇస్తుంది. ఇది విని "అయితే ఇదే నయం" అనేస్తారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ కంట్రోల్ మ్యాజిక్‌ని తీసేయాలంటే ఎన్‌చాంట్‌మెంట్‌ని పగలగొట్టే కార్డు కావాలి, మా బావది మొత్తం ఎరుపు డెక్, ఎరుపుకి ఎన్‌చాంట్‌మెంట్ కనపడితే దాదాపు చేతులు కట్టేసినట్టే. సోవర్ 2/2 ప్రాణి, లైట్నింగ్ బోల్ట్ లాంటి ఒక్క మనా కార్డు తగిలితే చాలు, పోతూ పోతూ మనం ఎత్తుకొచ్చినదాన్ని వాడికి అప్పజెప్పి మరీ పోతుంది.

కొనుగోలు అనుభవం గురించి ఎక్కువ చెప్పను. ఆన్‌లైన్‌లో ఒక చోట కొన్నాను, పేరెందుకులెండి, డెలివరీతో కలిపి 640 రూపాయలు అయింది. ఫోటోలో మచ్చలేకుండా మెరిసిపోతున్న కార్డు, వచ్చేసరికి శుభలేఖ కవరు లాంటి పల్చటి కవర్లో, అటూ ఇటూ అట్టముక్క కూడా లేకుండా, కుడివైపు పైమూల మడత పడి వచ్చింది. మెసేజ్ పెడితే "స్లీవ్‌లో వేస్తే కనపడదు సార్" అన్నారు. నిజమే, కనపడదు. అయినా 640కి మడత కూడా కలిపి అమ్మితే ఎలాగండీ. ఒక మార్కు అక్కడే కోసేశాను.

ఇక ఆట. మా బావ కమాండర్ క్రెంకో, మాబ్ బాస్. నాలుగు మనా, 3/3 గాబ్లిన్. దాన్ని ట్యాప్ చేస్తే, అంటే కార్డుని పక్కకి వాలిస్తే, మన దగ్గర ఎన్ని గాబ్లిన్‌లు ఉంటే అన్ని కొత్త గాబ్లిన్ టోకెన్‌లు (డెక్‌లో కార్డు లేకుండా పుట్టే క్రీచర్లు) పుడతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. మూడు రౌండ్లు వదిలేస్తే టేబుల్ మీద చోటు చాలక మా బావ టోకెన్‌ల బదులు చింతపిక్కలు పరుస్తాడు. నా డెక్ తెలుపూ నీలమూ, కమాండర్ బ్రాగో, కింగ్ ఎటర్నల్. నాలుగు ఆదివారాలు ఆ చింతపిక్కల కింద పడి పోయాను అంటే అర్థం చేసుకోండి.

ఐదో ఆదివారం. నా దగ్గర అప్పటికే లైట్నింగ్ గ్రీవ్స్ ఉంది, కాళ్లకి తొడిగే కవచం, తొడగడానికి ఖర్చు సున్నా, తొడిగిన క్రీచర్‌కి హేస్ట్ (దిగిన టర్న్‌లోనే పనిచేసే వీలు) వస్తుంది, ష్రౌడ్ వస్తుంది, అంటే దాన్ని ఎవరూ టార్గెట్ చేయలేరు, మనం కూడా చేయలేం. సోవర్ దింపాను, క్రెంకో మీద వేలు పెట్టాను. మా బావ కార్డు ఇవ్వకుండా పట్టుకుని కూర్చున్నాడు, చివరికి మాస్టారే తీసి నా వైపు పెట్టారు. మామూలుగా అయితే ఎత్తుకొచ్చిన క్రీచర్‌ని ఆ టర్న్‌లోనే ట్యాప్ చేయలేం, దాడికి పంపలేం, ఎందుకంటే మన టర్న్ మొదలైనప్పటి నుంచి అది మన కంట్రోల్లో లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, వాడి దగ్గర మూడు రౌండ్ల నుంచి ఉందిగా అంటారు, ఉంటే వాడి దగ్గర ఉంది, మన దగ్గర ఇప్పుడే దిగినట్టు లెక్క. గ్రీవ్స్ ఉంది కాబట్టి క్రెంకోకి తొడిగాను, హేస్ట్ వచ్చింది, ట్యాప్ చేశాను. నా గాబ్లిన్‌లు ఎన్ని? క్రెంకో ఒక్కడే. మా బావ వైపున్న పిక్క లెక్కలోకి రాదు. ఒక టోకెన్ వచ్చింది, అది నాది. తర్వాతి టర్న్‌లో మళ్లీ ట్యాప్ చేస్తే క్రెంకో, ఆ టోకెన్ కలిపి రెండు, అంటే ఇంకో రెండు టోకెన్‌లు. నా జన్మలో మొదటిసారి చింతపిక్కలు నా వైపుకి వచ్చాయి.

అప్పుడు మా బావ గాబ్లిన్ బంబార్డ్‌మెంట్ దింపి, మిగిలిన మనాతో యాక్ట్ ఆఫ్ ట్రెజన్ వేశాడు. ఇది కూడా దొంగతనమే కానీ ఆ టర్న్ అయ్యేవరకే, మూడు మనా, ఎత్తుకొచ్చినదాన్ని అన్‌ట్యాప్ చేసి, అంటే మళ్లీ నిలబెట్టి హేస్ట్ ఇస్తుంది. క్రెంకోని టార్గెట్ చేద్దామంటే గ్రీవ్స్ ఇచ్చిన ష్రౌడ్ ఉంది, కుదరదు. అందుకని సోవర్‌నే ఎత్తుకుపోయాడు.

"సోవర్ నాది, కాబట్టి క్రెంకో నాది. ఇలా ఇచ్చేయ్ బావా," అన్నాడు మా బావ.

"ఎందుకు ఇవ్వాలి?"

"ఎందుకంటావేంట్రా, దొంగ నా చేతిలో ఉంటే సొమ్ము నీ దగ్గరెలా ఉంటుంది?"

వినడానికి న్యాయంగానే ఉంది, నేను కూడా ఇచ్చేయబోయాను. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని కార్డు తీసి చదివారు. "బాబూ, ఇందులో రిమైన్స్ ఆన్ ద బాటిల్‌ఫీల్డ్ అని ఉంది. సోవర్ టేబుల్ మీద ఉందా లేదా అన్నదే ప్రశ్న, ఎవరి వైపు ఉందన్నది కాదు." అంతే, క్రెంకో నా దగ్గరే. మా బావ ఫోన్ తీశాడు, మా తమ్ముడు కూడా ఫోన్ తీశాడు, ఇద్దరూ రూల్సు వెతుక్కుంటూ అరగంట కూర్చున్నారు, ఈలోగా మా అమ్మ పంపిన టీ మీద మీగడ కట్టింది. చివరికి మాస్టారి మాటే రైటు. ఇలాంటి కార్డులన్నీ ఒకేలా రాసి ఉండవు. 2015లో డ్రాగన్స్ ఆఫ్ టార్కిర్ సెట్‌లో వచ్చిన డ్రాగన్‌లార్డ్ సిలుమ్‌గార్ కూడా ఇలాగే ఎత్తుకొస్తుంది, కానీ దాని మీద "సిలుమ్‌గార్ నీ కంట్రోల్లో ఉన్నంతకాలం" అన్న అర్థంలో ఉంటుంది. అదైతే మా బావ మాటే చెల్లేది, సిలుమ్‌గార్‌ని ఎత్తుకుపోయిన మరుక్షణం సొమ్ము సొంతదారుకి వెళ్లిపోయేది. రెండు కార్డులూ ఒకేలా ఉన్నాయని అందరూ అనుకుంటారు, ఆ ఒక్క ముక్కలో తేడా. ఈ కార్డులు తెలుగులో వేయరు కదా, వేస్తే ఈ గొడవలు తగ్గుతాయని మా తమ్ముడి వాదన. 2001లో ఫంగల్ షాంబ్లర్ అనే ప్రోమో కార్డుని సంస్కృతంలో వేశారు, అది చదవగలిగేవాళ్లు మా బ్యాచ్‌లో మాస్టారొక్కరే, ఆయన దగ్గరేమో ఆ కార్డు లేదు.

ఇంకా అయిపోలేదు. మా బావ చల్లారిన టీ ఒక గుక్క తాగి, సోవర్‌తో ముందు నన్ను రెండు కొట్టి, ఆ తర్వాత దాన్ని బంబార్డ్‌మెంట్‌కి బలిచ్చాడు. బంబార్డ్‌మెంట్ అంటే మన క్రీచర్‌ని సాక్రిఫైస్ చేసినప్పుడల్లా ఒక డ్యామేజీ కొట్టే ఎన్‌చాంట్‌మెంట్. సోవర్ నా గ్రేవ్‌యార్డ్‌కి (చచ్చిన కార్డుల కుప్పకి) వచ్చింది, ఎవరు బలిచ్చినా కార్డు ఓనర్ గ్రేవ్‌యార్డ్‌కే పోవాలి. సోవర్ టేబుల్ మీద లేదు కాబట్టి క్రెంకో మా బావ దగ్గరికి నడిచి వెళ్లిపోయాడు, నా గ్రీవ్స్ కాళ్లకి తొడుక్కునే. అవును, క్రీచర్ చేతులు మారినా తగిలించినవి ఊడిపోవు. గ్రీవ్స్ ఓనర్‌ని నేను, కంట్రోల్ నాది, కానీ హేస్ట్ వాడి క్రెంకోకి. మా బావ మొహం వెలిగిపోయింది, క్రెంకోని ట్యాప్ చేయడానికి చెయ్యి పెట్టాడు. అప్పటికే వాలి ఉంది. నా టర్న్‌లో నేను ట్యాప్ చేశాను కదా, చేతులు మారితే తనంతట తను లేవదు, మళ్లీ వాడి టర్న్ మొదట్లో అన్‌ట్యాప్ స్టెప్ వచ్చేదాకా అలా పడుకోవాల్సిందే. ఈలోగా నా టర్న్‌లో గ్రీవ్స్ తీసి నా బ్రాగోకి తొడిగేశాను. నేను పుట్టించిన మూడు గాబ్లిన్‌లు మాత్రం నా దగ్గరే ఉన్నాయి, అవి నా టోకెన్‌లు, క్రెంకో వెళ్లిపోయినా వాటికి సంబంధం లేదు. ఆ ఆట నేను గెలవలేదు, మాస్టారు గెలిచారు, అది వేరే సంగతి.

ఇంతకీ నేను ఆ రోజు చేయాల్సింది ఏంటో వారం తర్వాత తట్టింది. క్లౌడ్‌షిఫ్ట్. ఒక్క తెలుపు మనా, ఇన్‌స్టంట్ (ఎవరి టర్న్‌లోనైనా వేయొచ్చు), మన కంట్రోల్లో ఉన్న క్రీచర్‌ని ఎగ్జైల్ చేసి, అంటే ఆట బయటికి పంపి వెంటనే మన కంట్రోల్లో తిరిగి తెస్తుంది. సోవర్‌తో ఎత్తుకొచ్చిన క్రీచర్ మీద ఇది వేస్తే, తిరిగొచ్చేది కొత్త క్రీచర్ కింద లెక్క, సోవర్‌తో దానికి ఏ బంధమూ ఉండదు. తర్వాత సోవర్ చచ్చినా అది మన దగ్గరే. ఈ కార్డు కొనేవాళ్లెవరైనా దానితో పాటు క్లౌడ్‌షిఫ్ట్ కొనకపోతే సగం కార్డే కొన్నట్టు. రెస్టోరేషన్ ఏంజెల్ కూడా ఇదే పని చేస్తుంది, 3/4 ఎగిరే ఏంజెల్ కూడా దిగుతుంది, ఏంజెల్ కాని క్రీచర్‌ల మీదే పనిచేస్తుంది అంతే. కంజ్యూరర్స్ క్లోజెట్ అని ఐదు మనా ఆర్టిఫాక్ట్ (వస్తువు కార్డు) ఉంది, మన ప్రతి టర్న్ చివర ఒకసారి. ఈ మూడూ 2012లో వచ్చిన అవాసిన్ రిస్టోర్డ్ సెట్‌లోవే. గ్రీవ్స్ ముందు తొడిగి తర్వాత క్లౌడ్‌షిఫ్ట్ వేద్దామనుకోకండి, ష్రౌడ్ మనకీ అడ్డమే, నేను ఒకసారి అలా చేసి కార్డు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను, ఎటకారాలు వారం రోజులు నడిచాయి.

ఇక్కడ పెద్ద గొయ్యి ఒకటుంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. ఎగ్జైల్ చేసి తిరిగి తెచ్చే కార్డులన్నీ ఒకటి కాదు. ఎఫెమరేట్ కూడా ఒక్క తెలుపు మనాయే, చూడ్డానికి అచ్చం క్లౌడ్‌షిఫ్ట్ లాగే ఉంటుంది, కానీ అది ఓనర్ కంట్రోల్లోకి తిరిగి తెస్తుంది. నా కమాండర్ బ్రాగో కూడా అంతే. ఒకసారి మాస్టారి సన్ టైటాన్‌ని ఎత్తుకొచ్చాను, 6/6, అది దిగినప్పుడల్లా గ్రేవ్‌యార్డ్ నుంచి మూడు మనా దాకా ఖర్చయ్యే పర్మనెంట్ (టేబుల్ మీద నిలిచే కార్డు) ఒకదాన్ని లేపుతుంది. బ్రాగో మా తమ్ముడిని కొట్టాడు, కొట్టగానే ల్యాండ్‌లు తప్ప మన పర్మనెంట్‌లు ఎన్నైనా ఎగ్జైల్ చేసి తిప్పొచ్చు, ఆశ కొద్దీ టైటాన్‌ని కూడా అందులో కలిపాను, తిరిగి దిగితే నా గ్రేవ్‌యార్డ్ నుంచి ఏదైనా లేస్తుంది కదా అని. టైటాన్ మాస్టారి దగ్గరికి వెళ్లి దిగింది. ట్రిగర్, అంటే దిగగానే జరిగే పని కూడా ఆయనదే. ఆయన ఏమీ అనలేదు, ఎర్రటి కాజా ముక్క ఒకటి నోట్లో వేసుకుని, ఎడమచేత్తో గ్రేవ్‌యార్డ్ తిరగేసి, మూడు మనా కార్డు ఒకటి తీసి టేబుల్ మీద పెట్టుకున్నారు. బ్రాగోతో తిప్పాల్సింది సోవర్‌ని. సోవర్ నా కార్డే కాబట్టి నా దగ్గరికే వస్తుంది, పాత సొమ్ము వెళ్లిపోతుంది, మళ్లీ ట్రిగర్ వచ్చి అదే క్రీచర్‌నో అంతకన్నా మంచిదాన్నో పట్టుకోవచ్చు.

మిగతా ప్రశ్నలు మా మేడమీద ఒక్కోటి ఒక్కో ఆదివారం లేచినవి. ఎదుటివాడి కమాండర్ మీద క్లౌడ్‌షిఫ్ట్ వేస్తే వాడు దాన్ని కమాండ్ జోన్‌కి (కమాండర్ దిగకముందు ఉండే చోటికి) తీసుకుపోగలడా? లేడు. ఎగ్జైల్‌లో ఉన్న కమాండర్‌ని వెనక్కి తీసుకునే అవకాశం కార్డు పూర్తిగా పనిచేశాక వస్తుంది, అప్పటికి అది మన టేబుల్ మీద దిగిపోయి ఉంటుంది. టర్న్ చివర తిరిగొచ్చే రకం కార్డులైతే మధ్యలో వాడికి సందు దొరుకుతుంది. టోకెన్‌ని ఎత్తుకొచ్చి క్లౌడ్‌షిఫ్ట్ వేస్తే? గాలిలో కలిసిపోతుంది, ఎవరికీ రాదు. ఎత్తుకొచ్చిన కమాండర్‌తో దాని ఓనర్‌నే కొడితే 21 కమాండర్ డ్యామేజీ (ఒకే కమాండర్ దాడిలో అంత కొడితే ఆటగాడు ఓడిపోతాడు) లెక్కలోకి వస్తుందా? వస్తుంది, ఎవరి చేతిలో ఉందని కాదు, ఏ కమాండర్ కొట్టిందన్నదే లెక్క. మా బావ సొంత క్రెంకో చేతిలోనే 21 తిని పోతే చూడాలని నాకు చాలా ఆశగా ఉంది, ఇంతవరకు 9 దగ్గర ఆగింది.

మా తమ్ముడు డాక్టర్ చదువుతున్నాడు కదా, వాడి ప్రశ్నలు కూడా కోసి చూసే రకం. సోవర్ దిగగానే ట్రిగర్ ఇంకా స్టాక్ మీద, అంటే పనిచేయకుండా వరసలో ఉండగానే సోవర్ మీద క్లౌడ్‌షిఫ్ట్ వేస్తే, పాత ట్రిగర్ ఒకటి, కొత్త ట్రిగర్ ఒకటి, రెండు క్రీచర్‌లు వస్తాయి కదన్నయ్యా అన్నాడు. రావు. కొత్త సోవర్ ట్రిగర్ ముందు పనిచేస్తుంది, అది సరే. పాత ట్రిగర్ పనిచేసే సమయానికి పాత సోవర్ వెళ్లిపోయింది, గడువు మొదలవ్వకముందే ముగిసింది, ఏమీ జరగదు. అందుకే సోవర్ దిగగానే ఎదుటివాడు దాన్ని బోల్ట్‌తో కొట్టేస్తే మనకి క్రీచరూ రాదు, సోవరూ మిగలదు. మా బావ ఇప్పుడు బంబార్డ్‌మెంట్ ముందే దింపుకుని కూర్చుంటున్నాడు. ట్రిగర్ స్టాక్ మీద ఉండగా రెండు గాబ్లిన్‌లని బలిచ్చి సోవర్‌నే చంపుతాడు, లేదా క్రెంకోనే బలిచ్చి కమాండ్ జోన్‌కి తీసుకుపోతాడు. మళ్లీ దింపడానికి రెండు మనా ఎక్కువవుతుంది, అయినా నా చేతికి చిక్కడం కన్నా అదే మేలంటాడు.

ఇంకొకటి, ఇది నా డబ్బులు నిలబెట్టిన రూలు. ఎదుటివాడు తన టర్న్‌లో సోవర్‌ని చంపితే వాడి క్రీచర్ వాడికి వస్తుంది కానీ ఆ టర్న్‌లో దాడి చేయలేదు, టర్న్ మొదట్లో వాడి కంట్రోల్లో లేదు కాబట్టి. నా టర్న్ చివర్లోనే చంపితే చేస్తుంది. మాస్టారు ఇది తెలిసి కూడా రెండుసార్లు తొందరపడ్డారు. అలాగే సోవర్ వచ్చి పని ముగించాక దాని శక్తులన్నీ తీసేసి కప్పగా మార్చినా ఫరవాలేదు, ఎత్తుకొచ్చింది మనదే, కంట్రోల్ మ్యాజిక్ ఆరాకి ఆ సుఖం లేదు. ఆట మధ్యలో నేను ఓడి లేచిపోతే నా కార్డులన్నీ నాతో లేస్తాయి, సోవర్ పట్టి ఉంచినవి ఓనర్‌కి వెళ్తాయి. బోర్డ్ మీద నా సోవర్ తప్ప ఇంకే క్రీచరూ లేకపోతే? తనని తానే టార్గెట్ చేసుకోవాలి, ఏమీ అవ్వదు, నవ్వుతారు.

ఎరుపు ఆడేవాళ్లు, ట్యాప్ చేస్తే మన క్రీచర్‌కి నకలు టోకెన్ పుట్టించే కికీ-జికీతో సోవర్ కలిపితే అంతులేని కాంబో అవుతుందా అని అడుగుతారు. అవ్వదు. కికీ-జికీ సోవర్ టోకెన్ తయారుచేస్తుంది, అది ఒకదాన్ని ఎత్తుకొస్తుంది, టర్న్ చివర టోకెన్ బలైపోతుంది, సొమ్ము వెళ్లిపోతుంది. ఆగకుండా తిరగాలంటే కికీ-జికీని మళ్లీ లేపేది కావాలి, అది జెలస్ కాన్‌స్క్రిప్ట్స్. దాని టోకెన్ దిగగానే కికీ-జికీనే టార్గెట్ చేసి అన్‌ట్యాప్ చేస్తుంది, మళ్లీ టోకెన్, మళ్లీ అన్‌ట్యాప్, అన్నిటికీ హేస్ట్, టేబుల్ మొత్తం అక్కడితో సరి. మా బావకి ఈ సంగతి నేను చెప్పలేదు. ఈ రివ్యూ వాడు చదవడని ధైర్యం.

ఫెయిరీ డెక్ ఆడేవాళ్లకి మాత్రం సోవర్ పుట్టిల్లు అదే. సైయన్ ఆఫ్ ఊనా అని ఇంకో లోర్విన్ కార్డు, ఎదుటివాడి టర్న్‌లో కూడా దింపొచ్చు. సోవర్ మీదకి బోల్ట్ వస్తుంటే దీన్ని దింపితే సోవర్ 3/3 అయి ష్రౌడ్ వచ్చేస్తుంది, బోల్ట్ వృథా. 2008 ప్రాంతంలో స్టాండర్డ్ (కొత్త సెట్లతోనే ఆడే పద్ధతి) టోర్నమెంట్లలో ఫెయిరీ డెక్ అంటే జనానికి భయం, బిటర్‌బ్లాసమ్, మిస్ట్‌బైండ్ క్లిక్, క్రిప్టిక్ కమాండ్, వాటి మధ్య సోవర్. ఎక్కువ మనా ఉన్నవాళ్లు ఏజెంట్ ఆఫ్ ట్రెచరీ చూడొచ్చు, ఏడు మనా, ఏ పర్మనెంట్‌నైనా ఎత్తుకొస్తుంది, గడువు లేదు, అది పోయినా సొమ్ము మనదే. 2020 జూన్‌లో స్టాండర్డ్‌లో నిషేధించారంటే అదెంత ఏడిపించిందో ఊహించుకోండి.

మనవైపు కొనేవాళ్లకి ఒక్క సలహా. ఫాయిల్ వద్దు. కార్తీకంలో వాన పట్టిందంటే మన గాలికి ఫాయిల్ కార్డులు అప్పడాల్లా వంకర తిరుగుతాయి, మా తమ్ముడి ఫాయిల్ ఒకటి టేబుల్ మీద పెడితే ఊయలలా ఊగుతుంది, డెక్‌లో అది ఎక్కడుందో దూరం నుంచే కనపడుతుంది. మామూలుది కొని, స్లీవ్ వేసి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు డెక్ బాక్సులో పడేయండి. కాజాలూ పూతరేకులూ ఆట అయ్యాక తినండి. ఇది మాస్టారికి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

5కి 4 ఇస్తున్నాను. ఒక మార్కు ఆ మడత కోసం, కార్డు తప్పేం లేదు. క్లౌడ్‌షిఫ్ట్ లేని డెక్‌లో అయితే 3 కూడా ఎక్కువే, నీలంతో పాటు నలుపున్న డెక్‌లో, క్రీచర్లని బలి తీసుకునే విసెరా సీర్‌కి బలివ్వడానికి ఎత్తుకొస్తామంటే 4 ఖాయం. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలతో ఆడేటప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టండి, మా మేనల్లుడి ఒక్కగానొక్క డ్రాగన్‌ని ఎత్తుకొస్తే వాడు అన్నం తినలేదు.

మొన్న ఆదివారం మా బావ హోమ్‌వర్డ్ పాత్ తెచ్చాడు. అది ల్యాండ్ కార్డు, ట్యాప్ చేస్తే ఎవరి క్రీచర్‌లు వాళ్లకి వెళ్లిపోతాయి, క్లౌడ్‌షిఫ్ట్ వేసి సొంతం చేసుకున్నవి కూడా. "ఆయ్, ఇప్పుడు ఎత్తుకో బావా" అని టేబుల్ మధ్యలో పెట్టాడు. మాస్టారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెవిలో చెప్పారు, వాడు అది ట్యాప్ చేయగానే ఎత్తుకొచ్చినదాన్ని యాష్‌నాడ్స్ ఆల్టర్ (క్రీచర్‌ని బలిస్తే మనా ఇచ్చే కార్డు)కి బలిచ్చేయమని, వాడికి గ్రేవ్‌యార్డ్‌లో శవం, మనకి రెండు మనా. ఆ రాత్రే ఆర్డర్ పెట్టాను, ఈసారి అట్టముక్కల మధ్య పెట్టి పంపమని మూడుసార్లు రాశాను. నిన్న ట్రాకింగ్‌లో రాజమండ్రి దాకా వచ్చినట్టు చూపించింది.